కండరం మరిచిపోదు

ఢిల్లీలో వానలు తగ్గుముఖం పట్టే సెప్టెంబరు నుంచి నవంబరు దాకా డెంగీ కాలం. ఆ రోజుల్లో రాజధాని ప్రాంతంలో ఎంతోమంది యువతీయువకులు జ్వరంతో మంచాన పడతారు. రెండు మూడు వారాల తర్వాత లేచి నిలబడితే కాళ్ళు తమవి కానట్టు ఉంటాయి. మెట్రో స్టేషన్ మెట్లెక్కితే తొడలు వణుకుతాయి. జ్వరానికి ముందు ఆరు నెలలు జిమ్‌కు వెళ్ళి, కష్టపడి 60 కిలోల బార్‌తో స్క్వాట్ చేయగలిగిన కుర్రాడికి ఇప్పుడు అందులో సగం కూడా కొండంత బరువనిపిస్తుంది.

జ్వరమే కారణం కానక్కర్లేదు. ఓల్డ్ రాజేందర్ నగర్‌లోనో, ముఖర్జీ నగర్‌లోనో గది తీసుకుని సివిల్స్‌కు చదివే తెలుగు అభ్యర్థులు పరీక్ష దగ్గరపడగానే మొదట మానేసేది వ్యాయామమే. నోయిడా, గురుగ్రామ్‌లలో కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళకు రాకపోకలకే రోజు సరిపోతుంది. కాలు బెణికినవాళ్ళు, ఊరికి వెళ్ళి రెండు నెలలు ఉండిపోయినవాళ్ళు సరేసరి. వీళ్ళందరినీ వేధించే ప్రశ్న ఒక్కటే. చేసిన కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరేనా? మళ్ళీ ఓనమాల నుంచి మొదలుపెట్టాలా?

అక్కర్లేదనే అంటోంది శరీరధర్మశాస్త్రం. ఒకసారి పెంచుకున్న బలానికి సంబంధించిన ఆనవాళ్ళు నాడుల్లోనూ, కండర కణాల్లోనూ చాలాకాలం మిగిలే ఉంటాయి. అందుకే రెండోసారి దారి చిన్నదవుతుంది. అయితే ఆ దారిలో తొందరపడితే ప్రమాదమూ ఉంది. ఈ రెండు విషయాలూ కలిపి తెలుసుకుంటేనే ప్రయోజనం.

ముందు పోయేది బలం

కదలిక ఆగితే కండరం ఎంత వేగంగా తగ్గుతుంది? నెదర్లాండ్స్ పరిశోధకులు ఆరోగ్యవంతులైన 24 మంది యువకుల మీద దీన్ని కొలిచి, 2014లో ఫలితాలు ప్రచురించారు. ఒక కాలికి కట్టు వేసి, కొందరిని 5 రోజులు, కొందరిని 14 రోజులు ఆ కాలు కదపకుండా ఉంచారు. 5 రోజులకే తొడ కండరం అడ్డుకోత వైశాల్యం సుమారు 3.5 శాతం తగ్గింది. అదే సమయంలో బలం 9 శాతం తగ్గింది. 14 రోజులకు కండరం 8 శాతానికి కొంచెం పైగా తగ్గితే, బలం దాదాపు 23 శాతం పడిపోయింది.

ఇక్కడ గమనించాల్సింది రెండు సంఖ్యల మధ్య తేడా. కండ తగ్గిన దానికంటే రెండు మూడు రెట్లు ఎక్కువగా బలం తగ్గింది. అంటే బలమన్నది కండ పరిమాణం ఒక్కదాని మీదే ఆధారపడి లేదు. దాన్ని నడిపించే నాడీ వ్యవస్థ కూడా వాడకం లేక మందగిస్తుంది. జ్వరం నుంచి లేచినవారికి అద్దంలో పెద్ద తేడా కనిపించకపోయినా బరువు ఎత్తలేకపోవడానికి ఇదొక కారణం. జ్వరమప్పుడు తిండి తగ్గడం, ఒంట్లో మంట ప్రక్రియలు పెరగడం ఈ నష్టాన్ని ఇంకా పెంచుతాయి.

ఇందులోనే ఒక ఊరట కూడా ఉంది. నాడుల వల్ల పోయిన భాగం త్వరగా తిరిగొస్తుంది.

మొదటి నెలలో నేర్చుకునేది మెదడే

కొత్తగా బరువులెత్తడం మొదలుపెట్టిన వారిలో మొదటి కొన్ని వారాల్లోనే బలం గబగబా పెరుగుతుంది. చొక్కా మాత్రం బిగువు కాదు. ఈ వింతను 1979లో మొరిటానీ, డివ్రీస్ అనే శాస్త్రవేత్తలు కండరాల విద్యుత్ సంకేతాలను కొలిచి వివరించారు. తొలి వారాల్లో పెరిగే బలంలో అధిక భాగం నాడీ వ్యవస్థ నుంచి వస్తుంది. కండ పెరుగుదల పాత్ర ఆ తర్వాతే ఎక్కువవుతుంది.

ఇది ఎలా జరుగుతుంది? వెన్నుపాము నుంచి బయల్దేరే ఒక్కో చలన నాడీకణం కొన్ని పదుల నుంచి కొన్ని వందల కండరపు పోగులను నడిపిస్తుంది. ఆ నాడీకణాన్నీ, దాని అధీనంలోని పోగులనూ కలిపి ఒక చలన యూనిట్ అంటారు. అలవాటు లేనివాడు బరువెత్తినప్పుడు మెదడు ఈ యూనిట్లన్నిటినీ పనిలోకి దింపలేదు. దింపిన వాటికి కూడా సంకేతాలు తగినంత వేగంగా పంపలేదు. పైగా మోచేతిని మడిచే కండరం పనిచేస్తుంటే, దాన్ని చాపే కండరం వెనక్కి లాగుతూ ఉంటుంది. సాధన చేసేకొద్దీ ఎక్కువ యూనిట్లు ఒకేసారి పనిలోకి వస్తాయి, సంకేతాల వేగం పెరుగుతుంది, ఎదురు కండరం అడ్డు తగ్గుతుంది.

ఒక రకంగా ఇది సైకిల్ తొక్కడం నేర్చుకోవడం లాంటిదే. ఏళ్ళ తర్వాత సైకిలెక్కినా మొదటి వీధి మలుపు దాకా తడబడతామేమో గానీ పడిపోము. స్క్వాట్ చేసేటప్పుడు నడుము ఎలా నిలపాలో, బార్ ఏ దారిలో పైకి రావాలో ఒకసారి ఒంటబట్టిన శరీరం కూడా కొద్ది రోజుల సాధనతోనే దాన్ని గుర్తు చేసుకుంటుంది.

పోగుల్లో మిగిలే కేంద్రకాలు

నాడుల సంగతి సరే, కండరానికి కూడా జ్ఞాపకం ఉంటుందా? ఉంటుందనడానికి గత ఇరవై ఏళ్ళలో ఆధారాలు పోగవుతున్నాయి.

శరీరంలోని చాలా కణాలకు ఒక్కటే కేంద్రకం ఉంటుంది. అస్థి కండరాల్లోని పోగు అలా కాదు. సన్నని దారంలా పొడుగ్గా సాగే ఒక్కో పోగులో వందలు, ఒక్కోసారి వేల కేంద్రకాలు ఉంటాయి. ప్రొటీన్లు తయారు చేయడానికి కావలసిన ఆదేశాలు ఈ కేంద్రకాల నుంచే వెళ్తాయి. పోగును అంటిపెట్టుకుని శాటిలైట్ కణాలు అనే చిన్న కణాలుంటాయి. బరువు పని పడినప్పుడు ఇవి విభజన చెంది పోగుతో కలిసిపోయి, తమ కేంద్రకాలను దానికి ఇచ్చేస్తాయి.

2010లో నార్వేలోని ఓస్లో విశ్వవిద్యాలయానికి చెందిన బ్రూస్‌గార్డ్, గుండెర్సన్ బృందం ఎలుకల్లో ఈ ప్రక్రియను రోజురోజూ గమనించింది. ఒక కండరం మీద అధిక భారం పడేలా చేస్తే, 6వ రోజు నుంచే పోగుల్లో కేంద్రకాల సంఖ్య పెరగసాగింది. పోగు లావు కావడం 9వ రోజు నుంచి మొదలైంది. అంటే ముందు పనివాళ్ళు వచ్చారు, తర్వాత ఇల్లు పెరిగింది. ఆ తర్వాత కండరానికి వెళ్ళే నాడిని తెంపి అది బాగా కృశించేలా చేశారు. పోగు చిక్కిపోయింది కానీ కొత్తగా చేరిన కేంద్రకాలు మాత్రం మూడు నెలల దాకా అలాగే ఉన్నాయి. ఎలుక ఆయుష్షులో మూడు నెలలు తక్కువ కాలమేమీ కాదు.

మనుషుల్లో ఇలాగే జరుగుతుందా అన్నదానిపై చాలాకాలం వాదోపవాదాలు నడిచాయి. కొన్ని అధ్యయనాల్లో అదనపు కేంద్రకాలు కనబడలేదు. 2024లో నార్వే పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో మాత్రం, కొన్ని వారాల శిక్షణ తర్వాత 16 వారాలు మానేసినా, పెరిగిన కేంద్రకాలు మనుషుల కండరాల్లో నిలిచే ఉన్నాయని తేలింది. కండరం తిరిగి పెరగడంలో వీటి వాటా ఎంత అన్నది మాత్రం ఇంకా చర్చలోనే ఉంది.

రెండో రకం జ్ఞాపకం జన్యువుల మీద ఉంటుంది. 2018లో బ్రిటన్ పరిశోధకులు ఎనిమిది మంది యువకులకు 7 వారాల శిక్షణ, 7 వారాల విరామం, మళ్ళీ 7 వారాల శిక్షణ ఇచ్చి, ప్రతి దశలోనూ కండరపు ముక్కలను పరీక్షించారు. డి.ఎన్.ఏ. మీద మిథైల్ అనే రసాయన గుర్తులుంటాయి. చాలా చోట్ల ఇవి జన్యువు పనిచేయకుండా పట్టి ఉంచుతాయి. మొదటి శిక్షణలో ఇలాంటి గుర్తులు అనేక చోట్ల తొలగిపోయాయి. రెండో శిక్షణలో ఇంకా ఎక్కువ చోట్ల తొలగిపోయాయి. కొన్ని జన్యువుల మీద మాత్రం విరామ కాలంలో కూడా గుర్తులు తిరిగి రాలేదు. ఒకసారి తెరిచిన తలుపుకు మళ్ళీ గడియ పడలేదన్నమాట.

పది వారాల విరామం, ఐదు వారాల దారి

ప్రయోగశాలలో కనబడింది జిమ్‌లోనూ కనబడాలి కదా. ఫిన్లాండ్‌లోని యువాస్క్యులా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2024లో ప్రచురించిన అధ్యయనంలో కొందరితో 20 వారాలు ఏకబిగిన బరువుల సాధన చేయించారు. మరికొందరు 10 వారాలు చేసి, 10 వారాలు పూర్తిగా మానేసి, తిరిగి 10 వారాలు చేశారు. చివరికి ఇరువర్గాల బలంలోనూ, కండ పరిమాణంలోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు. విరామం తీసుకున్నవారు తిరిగి మొదలుపెట్టిన సుమారు ఐదు వారాల్లోనే పాత స్థాయికి చేరుకున్నారు. విరామంలో కండ తగ్గినంతగా బలం తగ్గకపోవడం మరో విశేషం. జ్వరంతో మంచాన పడటానికీ, జిమ్ మానేసినా రోజూ నడుస్తూ తిరుగుతూ ఉండటానికీ ఉన్న తేడా ఇదే.

ఆడవాళ్ళ విషయంలోనూ ఇదే మాట. 1991లో అమెరికాలోని ఒహాయో విశ్వవిద్యాలయంలో స్టారన్ బృందం కొందరు మహిళలకు 20 వారాల శిక్షణ ఇచ్చి, 30 వారాలకు పైగా విరామం తర్వాత మళ్ళీ పిలిచింది. ఆరంటే ఆరు వారాల్లో వారి కండరపు పోగులు చాలావరకు మునుపటి స్థాయిని అందుకున్నాయి.

ఢిల్లీలో ఉన్న ఒక తెలుగు ఉదాహరణ

బరువులెత్తడం గురించి ఢిల్లీలోని తెలుగువారు మాట్లాడుకుంటే కరణం మల్లీశ్వరి పేరు రాకుండా ఉండదు. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేటలో పెరిగిన ఆమె, 2000 సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో కాంస్యం గెలిచారు. ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళ ఆమే. 2021లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతిగా నియమితులయ్యారు.

ఆమె ప్రయాణంలో శరీరాన్ని మళ్ళీ మళ్ళీ నిర్మించుకోవడం ఒక భాగం. 1994, 1995లలో ప్రపంచ విజేతగా నిలిచింది 54 కిలోల విభాగంలో. 1998 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో రజతం గెలిచేనాటికి 63 కిలోల విభాగానికి వచ్చారు. సిడ్నీలో 69 కిలోలు. 2001లో తల్లి అయ్యారు. 2002 కామన్వెల్త్ క్రీడలతో తిరిగి రావాలనుకున్నా తండ్రి మరణంతో విరమించుకున్నారు. అయినా సాధన వదలకుండా 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ వేదిక దాకా వెళ్ళారు. అక్కడ ఫలితం నమోదు చేయలేకపోయారు, ఆ తర్వాత ఆట నుంచి విరమించారు. ప్రపంచ స్థాయి పోటీలో గెలవడం వేరు. కానీ కాన్పు తర్వాత మళ్ళీ ఒలింపిక్ వేదికనెక్కగలిగే బలాన్ని కూడగట్టుకోవడం ఏ కొలతతో చూసినా చిన్న విషయం కాదు.

సిడ్నీ లెక్కలు కూడా ఆసక్తికరమే. స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఆమె ఎత్తారు. స్వర్ణం, రజతం గెలిచినవారిద్దరూ ఎత్తింది 242.5 కిలోలు. అంటే పతకం రంగు మార్చిన తేడా 2.5 కిలోలు. బార్‌కు రెండు వైపులా చెరొక 1.25 కిలోల ప్లేటు తగిలిస్తే అయ్యే బరువది. కొత్తగా జిమ్‌లో చేరిన కుర్రాళ్ళు చిన్నతనమని పక్కన పెట్టేసేది సరిగ్గా ఆ ప్లేటునే. కానీ బలం తిరిగి తెచ్చుకునే పద్ధతి అంతా ఆ చిన్న ప్లేటు చుట్టూనే తిరుగుతుంది.

మంచం మీద నుంచి పుట్టిన పద్ధతి

క్రమంగా బరువు పెంచే పద్ధతికి శాస్త్రీయ రూపం ఇచ్చింది థామస్ డెలోర్మ్ అనే అమెరికన్ సైనిక వైద్యుడు. పదహారేళ్ళ వయసులో రుమాటిక్ జ్వరంతో నెలల తరబడి మంచానికి అతుక్కుపోయి, కోలుకున్నాక బరువులెత్తి బలం తెచ్చుకున్న మనిషి ఆయన. రెండో ప్రపంచ యుద్ధంలో మోకాళ్ళకు, తొడలకు దెబ్బలు తగిలిన సైనికులతో షికాగోలోని సైనిక ఆసుపత్రి నిండిపోయినప్పుడు, తన అనుభవాన్నే వారిమీద ప్రయోగించాడు. అప్పటిదాకా గాయపడినవారికి తేలిక కదలికలే చాలనుకునేవారు. డెలోర్మ్ మాత్రం రోగి సరిగ్గా పదిసార్లు ఎత్తగలిగే బరువును ఆధారంగా తీసుకుని, బలం పెరిగేకొద్దీ బరువు పెంచుకుంటూ పోయాడు. 1945లో ప్రచురించిన ఈ పద్ధతి తర్వాత సరళమైంది. పదిసార్లు ఎత్తగల గరిష్ఠ బరువులో సగంతో ఒక వరుస, ముప్పావుతో రెండో వరుస, పూర్తి బరువుతో మూడో వరుస. ఎనభై ఏళ్ళు గడిచినా నేటి ఫిజియోథెరపీకీ, జిమ్ సాధనకూ ఇదే పునాది.

కోలుకుంటున్న కొత్తవారికి ఇది ఇలా వర్తిస్తుంది. వారానికి రెండు లేదా మూడు రోజులు సరిపోతాయి. పెద్దలందరూ వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు బలం చేకూర్చే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి. కూర్చుని లేవడం, నెట్టడం, లాగడం, నడుము వంచి నేల మీది బరువు ఎత్తడం అనే నాలుగు రకాల కదలికలు ఉంటే దాదాపు శరీరమంతా పనిలోకి వస్తుంది. పాత బరువులో సగానికి మించకుండా మొదలుపెట్టి, 8 నుంచి 12 సార్లు చొప్పున రెండు వరుసలు చేసి, ఇంకో రెండు మూడుసార్లు చేయగల శక్తి ఉండగానే ఆపేయాలి. అన్ని వరుసలూ తేలిగ్గా పూర్తయిన తర్వాతే మరుసటిసారి 2.5 కిలోలు కలపాలి. చేసిన బరువు, ఎన్నిసార్లు చేశారన్నది ఒక పుస్తకంలో రాసుకుంటే పెరుగుదల కళ్ళకు కనిపిస్తుంది.

జిమ్ రుసుము భారమనుకునేవారికి ఢిల్లీ పార్కుల్లో ఓపెన్ జిమ్‌లు ఉన్నాయి. కోలుకునే తొలి వారాలకు ఇవి బాగానే పనికొస్తాయి. అయితే వీటిలో చాలా పరికరాలు మనిషి సొంత బరువు మీదే నడుస్తాయి, భారం పెంచే వీలుండదు. అలాంటప్పుడు తాతల నాటి దండీలు, బస్కీలే మేలు. చేతులు గోడకు ఆనించి మొదలుపెట్టి, తర్వాత బల్లకు, ఆపైన నేలకు దించితే దండీల భారం మెట్టుమెట్టుగా పెరుగుతుంది. పుస్తకాలు నింపిన సంచీ వీపున వేసుకుంటే బస్కీలకు బరువు తోడవుతుంది. సూత్రం ఒక్కటే, ఈ వారం భారం పోయిన వారం కంటే కాస్త ఎక్కువ కావాలి.

తొందరపడితే

తిరిగి మొదలుపెట్టేవారికి అసలు ప్రమాదం ఆ జ్ఞాపకం వల్లే వస్తుంది. మెదడుకు పాత బరువు గుర్తుంటుంది, కండరం కూడా వేగంగా స్పందిస్తుంది. కానీ కండరాన్ని ఎముకకు కలిపే స్నాయుబంధనాలకు రక్త సరఫరా తక్కువ. అవి గట్టిపడటానికి కండరం కంటే ఎక్కువ కాలం పడుతుంది. కండ సిద్ధమై, బంధనం సిద్ధం కాని ఆ వారాల్లోనే భుజం, మోచేయి, మోకాలు నొప్పులు మొదలవుతాయి.

అంతకంటే తీవ్రమైనది రాబ్డోమయోలిసిస్. అలవాటు తప్పిన కండరాలతో మొదటి రోజే వందల బస్కీలు తీస్తే, కండర కణాలు పెద్దఎత్తున పగిలి వాటిలోని మయోగ్లోబిన్ రక్తంలో కలుస్తుంది. దాన్ని వడగట్టలేక మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. సాధారణ ఒళ్ళు నొప్పులు రెండు మూడు రోజుల్లో తగ్గుతాయి. అలా కాకుండా కండరాలు విపరీతంగా వాచి, భరించలేని నొప్పి ఉండి, మూత్రం కాఫీ డికాక్షన్ రంగులోకి మారితే అది ఆసుపత్రికి పరుగెత్తాల్సిన సమయం. ఢిల్లీ వేసవి ఎండలో, ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఈ ముప్పు ఇంకా ఎక్కువ. ఇక డెంగీ వంటి వైరస్ జ్వరాలు కొందరిలో గుండె కండరానికీ వాపు తెస్తాయి. అందుకే ఆయాసం, గుండెదడ, ఛాతీ నొప్పి ఉన్నవారు వైద్యుణ్ణి అడగకుండా బరువు ముట్టుకోకూడదు.

మేలైన విషయమేమిటంటే, ఒక్కసారి తక్కువ మోతాదులో చేసిన వ్యాయామం కూడా తర్వాతి వారాల్లో కండరాన్ని ఈ దెబ్బ నుంచి కొంత కాపాడుతుంది. మొదటి వారం తేలిగ్గా చేయడమంటే కాలయాపన కాదు, టీకా వేయించుకోవడం లాంటిది.

కంచంలో ఎంత ఉండాలి?

కండ కట్టాలంటే ఇటుకలు కావాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సిఫార్సు ప్రకారం ఆరోగ్యవంతుడైన వ్యక్తికి రోజుకు కిలో శరీర బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్ చాలు. 60 కిలోల మనిషికి అది దాదాపు 50 గ్రాములు. బరువుల సాధన చేసేవారి సంగతి వేరు. 49 అధ్యయనాల్లోని 1,863 మంది వివరాలను కలిపి 2018లో చేసిన విశ్లేషణలో, కిలోకు 1.6 గ్రాముల దాకా ప్రొటీన్ పెరిగేకొద్దీ కండ పెరుగుదలకు కొంత మేలు కనిపించింది. అంతకు మించితే అదనపు లాభం కనబడలేదు. అదే 60 కిలోల మనిషికి ఇది 96 గ్రాములు.

ఆ విశ్లేషణలోనే మరో మాటా ఉంది. శిక్షణకు తోడు అదనపు ప్రొటీన్ తీసుకోవడం వల్ల పెరిగిన కొవ్వు రహిత బరువు సగటున 300 గ్రాములే. మిగతాదంతా వ్యాయామం చేసిన పని. అంటే ప్రొటీన్ సహాయకారి మాత్రమే.

96 గ్రాములు సమకూర్చుకోవడం అద్దె గదిలో ఉండేవారికి కూడా అసాధ్యమేమీ కాదు. మూడు గుడ్ల నుంచి 18 గ్రాములు, అర లీటరు పాలు లేదా పెరుగు నుంచి 16, చిక్కటి పప్పు రెండు గిన్నెల నుంచి 13, ఆరు పుల్కాల నుంచి 18, పొడిగా తూచిన 50 గ్రాముల సోయా చంక్స్ నుంచి 26, గుప్పెడు వేరుశనగల నుంచి 7. మొత్తం 98 గ్రాములు. గుడ్డు తిననివారు దాని బదులు 100 గ్రాముల పనీర్ తీసుకుంటే అంతే వస్తుంది. ఉదయం పెసరట్టు వేసుకుంటే ఇడ్లీ కంటే ప్రొటీన్ ఎక్కువ. అన్నంలో పల్చటి పప్పుచారు పోసుకుని పప్పు తిన్నామనుకుంటే మాత్రం లెక్క తప్పుతుంది. మూత్రపిండాల సమస్య ఉన్నవారు ప్రొటీన్ పెంచేముందు వైద్యుణ్ణి సంప్రదించాలి.

అన్నమూ, రొట్టే తగ్గించి ప్రొటీన్ ఒక్కటే పెంచితే పని జరగదు. తగినంత శక్తి అందకపోతే శరీరం ప్రొటీన్‌ను కండకు బదులు ఇంధనంగా ఖర్చు చేస్తుంది. నిద్ర కూడా తిండితో సమానం. పరీక్షల పేరుతో నాలుగైదు గంటలే పడుకుంటూ బరువులెత్తితే, కట్టే పనికంటే కూలే పని ఎక్కువవుతుంది. కనీసం ఏడు గంటల నిద్ర అవసరం.

డబ్బాలు, సూదులు

జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో, కండలు పెంచుకోవడానికి ప్రొటీన్ పొడులు వాడవద్దని సూచించింది. అదే ఏడాది కేరళ వైద్యుల నాయకత్వంలో జరిగిన ఒక అధ్యయనం దేశంలో దొరికే 36 ప్రొటీన్ ఉత్పత్తులను పరీక్షించింది. దాదాపు 70 శాతం డబ్బాల మీద రాసిన ప్రొటీన్ పరిమాణానికీ లోపల ఉన్నదానికీ పొంతన లేదు. సుమారు 14 శాతంలో బూజు నుంచి వచ్చే అఫ్లాటాక్సిన్లు, 8 శాతంలో పురుగుమందుల అవశేషాలు కనిపించాయి. పొడి అనేది పాలనో, సోయానో ఎండబెట్టి వేరు చేసిన పదార్థమే తప్ప అందులో మంత్రమేదీ లేదు. డబ్బాలో ఉన్నదేమిటో తెలియకపోవడమే అసలు సమస్య.

సూదుల సంగతి ఇంకా తీవ్రం. త్వరగా పాత ఆకారం తెచ్చుకోవాలన్న ఆరాటంతో కొందరు యువకులు టెస్టోస్టిరాన్ వంటి స్టెరాయిడ్ల జోలికి వెళ్తారు. ఇవి కండ పెంచే మాట నిజమే. కానీ బయటి నుంచి హార్మోను వస్తుంటే శరీరం తన సొంత ఉత్పత్తిని ఆపేస్తుంది. వృషణాలు కుంచించుకుపోవడం, వీర్యకణాలు తగ్గడం, గుండె గోడలు మందం కావడం, చెడు కొలెస్టరాల్ పెరగడం దాని పర్యవసానాలు. 2013లో ఓస్లో పరిశోధకులు ఎలుకలకు రెండు వారాలే టెస్టోస్టిరాన్ ఇచ్చి ఆపేశారు. మూడు నెలల తర్వాత ఆ కండరాల మీద భారం మోపితే ఆరు రోజుల్లో 30 శాతం పెరిగాయి. మందు ఇవ్వని ఎలుకల్లో పెరుగుదల నామమాత్రమే. కండరం మోసాన్ని కూడా గుర్తు పెట్టుకుంటుందని దీని అర్థం. క్రీడల్లో డోపింగ్ నిషేధం ఎంతకాలం ఉండాలన్న చర్చకు ఈ ప్రయోగం బలం చేకూర్చింది.

పొగమంచులో సాధన

ఢిల్లీలో వ్యాయామం గురించి మాట్లాడుతూ గాలి ఊసు ఎత్తకుండా ఉండలేం. 2024 నవంబరు 18న నగర వాయు నాణ్యత సూచీ 490 దాటింది. ఆ కొలమానంలో 400 దాటితేనే 'తీవ్రం'. విశ్రాంతిగా ఉన్న మనిషి నిమిషానికి 6 నుంచి 8 లీటర్ల గాలి పీలుస్తాడు. గట్టిగా పరుగెత్తేటప్పుడు అది 100 లీటర్లు దాటవచ్చు. ముక్కుతో కాక నోటితో పీల్చడం వల్ల వడపోత కూడా తగ్గుతుంది. అలాంటి రోజుల్లో ఆరుబయట పరుగు ఆరోగ్యానికి చేటు.

బరువుల సాధన ఇక్కడ కొంత అనుకూలం. పది పన్నెండుసార్లు ఎత్తి, రెండు నిమిషాలు కూర్చునే పని కాబట్టి ఏకధాటిగా రొప్పాల్సిన అవసరం లేదు. ఇంట్లో, తలుపులు మూసిన గదిలో చేసుకోవచ్చు. అయితే నాలుగు గోడల మధ్య ఉన్నంత మాత్రాన గాలి శుభ్రం కాదు. పి.ఎం. 2.5 ధూళికణాలు కిటికీ సందుల్లోంచి లోపలికి వస్తాయి. వడపోత యంత్రం లేని చోట సూచీ తీవ్రంగా ఉన్న రోజు వరుసలు తగ్గించుకోవడం, లేదా ఆ రోజుకు మానేయడం మంచిది. ఒకటి రెండు రోజులు తప్పినంత మాత్రాన బలం జారిపోదని పైన చెప్పిన అధ్యయనాలన్నీ భరోసా ఇస్తున్నాయి.

బరువు యంత్రం చెప్పనిది

జ్వరం తర్వాత రెండు నెలల్లో పోయిన కిలోలు తిరిగొచ్చాయని చాలామంది తృప్తిపడతారు. ఆ కిలోలు ఏమిటన్నదే ప్రశ్న. కదలకుండా తిండి మాత్రమే పెంచితే తిరిగొచ్చేది అధిక భాగం కొవ్వే. భారతీయుల్లో ఈ ముప్పు మరీ ఎక్కువ. పుణెకు చెందిన మధుమేహ పరిశోధకుడు యాజ్ఞిక్, లండన్ శాస్త్రవేత్త యుడ్కిన్ 2004లో తమ సొంత శరీరాలనే ఉదాహరణగా చూపి ఒక చిన్న వ్యాసం రాశారు. ఇద్దరి శరీర ద్రవ్యరాశి సూచీ సరిగ్గా 22.3. కానీ యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతమైతే, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. పైకి సన్నగా కనిపించే భారతీయ శరీరంలో కండ తక్కువ, కొవ్వు ఎక్కువ అని ఆ రెండు సంఖ్యలే చెప్పాయి. భోజనం తర్వాత రక్తంలోకి వచ్చే చక్కెరలో పెద్ద వాటాను పీల్చుకునేది కండరాలే. కండ తగ్గితే మధుమేహానికి దారి సుగమమవుతుంది.

ఇరవైల్లో ఉన్నవారు బలాన్ని తిరిగి నిర్మించుకోవడం అద్దం ముందు నిలబడటానికి మాత్రమే కాదన్నది ఇందుకే. వయసు పైబడేకొద్దీ శాటిలైట్ కణాల చురుకు తగ్గుతుంది, కొత్త కండ కట్టడం కష్టమవుతుంది. యవ్వనంలో చేర్చుకున్న కేంద్రకాలు, నాడులకు నేర్పిన పాఠాలు ఆ రోజులకు పనికొచ్చే అవకాశం ఉంది. జ్వరం వల్లనో, పరీక్షల వల్లనో ఆగిన సాధనను సగం బరువుతో తిరిగి మొదలుపెట్టి, వారం వారం 2.5 కిలోల ప్లేట్లు కలుపుకుంటూ పోయేవారికి పాత సంఖ్య అందడానికి పట్టేది ఏళ్ళు కాదు. సాధారణంగా కొన్ని వారాలు, మహా అయితే కొన్ని నెలలు.